గాయపు నీటికి దారి

ఇటు జరగండమ్మా, కాస్త దగ్గరికి రండి. ఒకప్పుడు నేను కేక వేస్తే వీధి చివరికి వెళ్ళిపోయిన పాలవాడు కూడా వెనక్కి వచ్చేవాడు. ఇప్పుడు ఈ గొంతు పక్కగదికి కూడా చేరదు. చేతిలో పని ఉంటే మానకండి, చేసుకుంటూనే వినండి. చెవి ఒక్కటి నాకు అప్పగిస్తే చాలు.

పోయిన వారం మిమ్మల్ని ఆస్పత్రి వరండాలో నిలబెట్టి వదిలేశాను. పాపం, కాళ్ళు పీకి ఉంటాయి. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను, పాతవాళ్ళు ఓపిక పట్టండి.

మాది అద్దాల కొట్టు. కిటికీలకీ బీరువాలకీ కొలత ప్రకారం అద్దం కోసి, అంచులు సాన పట్టి ఇస్తాం. సాన మా ఆయనది. కోతలూ బిగింపులూ మా అబ్బాయివి. కొలతలు రాసుకోవడానికని కొట్లో కూర్చున్న మా కోడలు మెల్లిగా కలం అందుకుంది. కలమంటే రాసే కలం కాదు, మొనలో వజ్రం ముక్క ఉన్న కోత కలం. పలక మీద ఒక్క గీత గీసి, కింద నుంచి వేలితో తట్టిందంటే అద్దం చెప్పిన మాట వినే పిల్లలా రెండుగా విడిపోతుంది. అప్పటినుంచి ఆ పిల్లని అందరూ వజ్రం అనే పిలుస్తారు. అందరూ అంటే మా ఆయన తప్ప. ఆయన "ఏమ్మా" అని కూడా అనడు. "కొలతలు రాసేవాళ్ళు కొలతలు రాయాలి" అని గోడకి చెబుతాడు, గోడ వెళ్ళి వజ్రానికి చెప్పాలి.

అలాంటి వజ్రానికి కుడి ముంజేయి తెగింది. పలక దింపుతుంటే జారిందంది. కుట్లు వేశారు. కుట్లలో చీము పట్టింది. కుట్లు విప్పి, మందులిచ్చి, చీము తగ్గించారు. హమ్మయ్య అనుకునేలోగా చెయ్యి వాచింది. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే అదే. వేళ్ళు ఉబ్బి ఒకదానికొకటి ఒరుసుకునేవి. గాయంలోంచి పల్చటి పసుపు నీళ్ళు ఊరి, కట్టు తడిసి, దిండు తడిసేది. పగలంతా కాస్త తగ్గినట్టే ఉండి, తెల్లారేసరికి మళ్ళీ మొదటికి వచ్చేది. మందు మార్చారు, మాత్ర మార్చారు, మా అబ్బాయి ఆస్పత్రే మారుద్దామన్నాడు. చివరికి డాక్టరమ్మ తేల్చి చెప్పింది. "లోపల ఏదో దాగి ఉందేమో. చెయ్యి తెరిచి చూడాలి. తెరిచాక ఆ వేళ్ళు మునుపటిలా పనిచేస్తాయని మాత్రం నేను మాట ఇవ్వలేను."

కలం పట్టే వేళ్ళమ్మా అవి. అవి ముడుచుకోకపోతే ఆ పిల్ల ఇక కొలతలు రాసుకోవడమే. అది కూడా ఎడం చేత్తో.

చెయ్యి తెరుస్తామన్న రోజు పొద్దున వరండాలో కూర్చున్నాం. వజ్రాన్ని లోపలికి తీసుకెళ్ళారు. చాలాసేపటికి డాక్టరమ్మ తలుపు తీసి, "వీళ్ళింటి పెద్దవాళ్ళందరూ లోపలికి రండి" అంది. అక్కడ ఆపాను. ఇక నడవండి నా వెంట.

లోపలికి నడిచాం. పెద్దవాళ్ళందర్నీ పిలిచారంటే మంచి మాట చెప్పడానికి పిలవరని ఈ వయసుకి నాకు తెలుసు. మా అబ్బాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. మా ఆయన నా వెనక, నా కొంగు చాటున దాక్కున్నట్టు నడుస్తున్నాడు. అది నాకు కొత్తగా తోచింది. ఎప్పుడూ అందరికంటే ముందు నడిచే మనిషి.

అది కట్లు కట్టే గది. ఎత్తు మంచం, ఆకుపచ్చ తెర, స్టీలు పళ్ళెంలో కత్తెరా దూదీ. కిటికీ అద్దం ఒకటి బీట ఇస్తే దానికి అడ్డంగా తెల్ల ప్లాస్టరు అతికించారు. మా ఆయన గుమ్మం దాటగానే దాన్ని చూసి, గాలిలో జాన చాపి కొలత తీశాడు. ఇల్లు తగలబడుతున్నా ఈయన కిటికీ కొలత తీసుకునే బయటికి వస్తాడు.

వజ్రం మంచం మీద కూర్చుని ఉంది. కట్టు విప్పిన చెయ్యి దిండు మీద ఉంది. నేను మొదట చూడలేదు. తర్వాత చూశాను. ఏదో ఘోరం చూస్తాననుకుంటే, గాయం ఎర్రగా, తడిగా, సన్నటి గింజలు గింజలుగా, దానిమ్మ ఒలిచినట్టు ఉంది.

"చూశారా మామ్మగారూ? ఇది మంచి ఎరుపు" అంది డాక్టరమ్మ. మనిషి పొట్టి, మాట చురుకు. "గాయం అడుగునుంచి పూడుకొస్తోంది. జ్వరం లేదు, చీము లేదు, రక్తపరీక్ష బాగుంది. గాయం ఇంత బాగుంటే చెయ్యి ఇంత వాపెందుకు?"

"అదే కదండీ మేమూ అడుగుతున్నది!" అన్నాడు మా అబ్బాయి.

"ఉండండి బాబూ. ఇంకోటి ఉంది. చెయ్యి వాచినవాళ్ళెవరికైనా పడుకుని లేచేసరికి వాపు కొంత తగ్గుతుంది. ఈవిడకి తెల్లారేసరికి పెరుగుతోందట. అంటే ఇంట్లో, పడుకునే వేళ ఏదో జరుగుతోంది. అదేంటో తెలియకుండా నేను కత్తి పట్టుకోను."

ఆ మాట అంటూనే డాక్టరమ్మ వజ్రం జాకెట్టు చేతిని పైకి జరిపింది. మోచేతికి పైన, చుట్టూ, గాడి పడినట్టు ఒక గుర్తు. దూడ మెడకి తాడు కట్టి విప్పితే పడే గుర్తు లాంటిది.

"ఇదేంటమ్మా?"

వజ్రం తల వంచుకుంది. "జాకెట్టు చెయ్యి బిగుతండి."

"నేనూ జాకెట్లు వేసుకుంటానమ్మా. ఎంత బిగుతు జాకెట్టయినా ఇంత గాడి పెట్టదు."

అంతే, మా అబ్బాయి కట్ల నర్సు మీదికి తిరిగాడు. "మీరే! మీరే బిగించి కట్టి చెయ్యి పాడుచేశారు!"

ఆ నర్సు లావుపాటి మనిషి, నెమ్మదైన మనిషి, అప్పటిదాకా దూది ఉండలు చేసుకుంటోంది. ఉండ పక్కన పెట్టింది. "బాబూ, నేను కట్టేది మోచేతికి కింద. ఆ గాడి ఉన్నది పైన. కిందా పైనా తెలియకుండా నువ్వు కిటికీలెలా బిగిస్తావు?"

నాకు నవ్వు రావలసిన మాటే. రాలేదు. ఎందుకంటే అప్పుడే నా చూపు మా ఆయన మీద పడింది.

గదిలో ఉక్క. అందరం చెమటలు కక్కుతున్నాం. ఈయన మాత్రం పొడుగు చేతుల చొక్కా మణికట్టు దాకా దించి, గుండీ పెట్టుకుని ఉన్నాడు. ఈయన! చలిలో కూడా చేతులు భుజాల దాకా మడిచి తిరిగే మనిషి. ఎందుకు మడుస్తాడో మా వీధిలో అందరికీ తెలుసు. ఎడమ దండకి, అంటే భుజానికీ మోచేతికీ మధ్య, ఒక నల్ల రబ్బరు పట్టీ ఉంటుంది. సైకిల్ ట్యూబు ముక్క. అది అందరికీ కనబడాలి. స్నానానికి కూడా విప్పడు. పెళ్ళైన కొత్తలో మెళ్ళో గొలుసు లేదని నేను ఏడిస్తే, "నాకు మాత్రం ఏముంది, ఈ ట్యూబు తప్ప" అన్న మనిషి.

పొడుగు చేతులు ఎప్పటినుంచి వేస్తున్నాడు? వెనక్కి వెళ్ళి చూసుకున్నాను. వజ్రం చెయ్యి వాచడం మొదలైనప్పటినుంచి.

"ఏమయ్యా, నీ చెయ్యి ఇటు పట్టు."

"ఎందుకే?"

"పట్టమంటున్నానా లేదా?"

"ఆస్పత్రిలో ఇదేం గోల..."

నేను గుండీ తీసి చొక్కా చెయ్యి పైకి లాగేశాను. పట్టీ లేదు. అది ఉండే చోట చర్మం తెల్లగా, నేలమాళిగలో మొలకెత్తిన గింజలా పాలిపోయి ఉంది. వజ్రం ఎడం చేత్తో మంచం మీదున్న తన గుడ్డసంచీ దగ్గరికి లాక్కుంది. అందులోంచి ఆ నల్ల పట్టీ తీసి దిండు మీద పెట్టింది.

"అత్తయ్యా, మావయ్యని ఏమీ అనకండి" అంది. "నేనే పెట్టుకున్నాను."

"నువ్వు పెట్టుకోలేదు" అన్నాడు మా ఆయన. గోడకి కాదు, నేరుగా ఆ పిల్లకి. "నేను పెట్టాను."

ఇక్కడ మీకు ఆ పట్టీ సంగతి చెప్పాలి, లేకపోతే ఈయన్ని పిచ్చివాడనుకుంటారు. నేను కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో అద్దాల కొట్టు ఇద్దరిది. మా ఆయనా, వాళ్ళన్నయ్యా. నాకు బావగారు. ఇద్దరూ ఒక పెద్ద పలకని చెరోపక్కా పట్టుకుని మోస్తుంటే అది జారింది. మా ఆయన దండ తెగి నెత్తురు చిమ్మింది. బావగారు అక్కడికక్కడే తన సైకిల్ చక్రంలోంచి ట్యూబు పీకి, కోసి, తెగినచోటికి పైన బిగించి కట్టి, తమ్ముణ్ణి భుజాన వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తాడు. ఆ ట్యూబు లేకపోతే నేను ఈ కథ చెప్పేదాన్ని కాదు, ఇంకో కథేదో చెప్పుకునేదాన్ని. తర్వాత పలక ఎవరి చేతిలోంచి జారిందన్న మాట వచ్చింది. నువ్వు వదిలావంటే నువ్వు వదిలావనుకున్నారు. ఆ ఒక్క మాటకి కొట్టు రెండైంది, ఇళ్ళు రెండయ్యాయి, మాటలు లేవు. మాటలు పోయాయి గానీ పట్టీ మాత్రం ఈయన చేతికే ఉండిపోయింది. "అద్దం తగిలిన చేతికి పైన పట్టీ ఉండాలి" అన్నది మా కొట్లో శాసనం. ఎవరికి చిన్న గీత పడినా ఈయన ముందు చూసేది పైన ఏం కట్టారా అనే.

"పొద్దుపోయాక కడుతున్నాను" అన్నాడు మా ఆయన, డాక్టరమ్మ వైపు చూడకుండా. "తెల్లారి విప్పేస్తున్నాను. మీకు తెలిస్తే వద్దంటారని. చీము పట్టింది కదా, ఆ చెడు పైకెక్కకుండా ఉంటుందని... నా చెయ్యి దాని వల్లే ఉందండి."

"నువ్వెందుకు ఊరుకున్నావు?" అని పెళ్ళాం మీద విరుచుకుపడ్డాడు మా అబ్బాయి. "నొప్పి పుట్టలేదా? నోరు లేదా నీకు?"

వజ్రం కళ్ళు నిండాయి. "పుట్టింది. విప్పేద్దామని చాలాసార్లు అనుకున్నాను. కానీ మావయ్య తన చేతిది తీసి నాకు కట్టారు. కడుతూ ఏమన్నారో తెలుసా? 'కోత చెయ్యి ఇది, జాగ్రత్తగా చూసుకో' అన్నారు. ఇన్నాళ్ళలో మొదటిసారి. అది చేతికి ఉంటే ఎలా విప్పను?"

నేను కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూనే మా ఆయన వీపు మీద ఒకటి చరిచాను. "ఆ మాటేదో ముందే, పట్టీ లేకుండా అనుంటే ఏం పోయేదయ్యా నీకు?"

డాక్టరమ్మకి మాత్రం కోపం దిగలేదు. గది ఆ చివరికీ ఈ చివరికీ నడిచింది. "నేను ఇంకాసేపట్లో ఈ చేతిని కోసేదాన్ని, తెలుసా? ఏమీ లేని చోట వెతికేదాన్ని! వెతికి వెతికి ఉన్నవి కూడా తెంపేదాన్ని!" అని, ఒక్కసారిగా స్టూలు మీద కూలబడి, నవ్వింది. అమ్మా, ఆ నవ్వు వింటేగానీ నా ప్రాణం గూటికి చేరలేదు. డాక్టర్లు నవ్వేది ఎప్పుడో నాకు తెలుసు. భయం వాళ్ళకీ ఉంటుంది, అది దిగినప్పుడు నవ్వుతారు.

"కూర్చోండి పెద్దాయనా. తిట్టడం అయిపోయింది, ఇప్పుడు చెబుతాను. దెబ్బ తగలగానే ఆ చోటు ఏమవుతుంది?"

"వాస్తుంది."

"వాస్తుంది, ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది. అది రోగం కాదు, కాపలా. రక్తంలోంచి కాపలావాళ్ళు గాయంలోకి దిగుతారు. మురికిని మింగుతారు, చచ్చిన కండని ఊడుస్తారు. వాళ్ళతోపాటు నీళ్ళూ దిగుతాయి. మరి ఆ నీళ్ళు తిరిగి ఎటు పోవాలి?"

"మళ్ళీ రక్తంలోకే కదండీ?" అన్నాడు మా అబ్బాయి.

"చివరికి అక్కడికే. కానీ వేరే దారిలో. రక్తనాళాలు కాకుండా ఒంట్లో ఇంకో రకం సన్నటి గొట్టాలున్నాయి. చర్మం కిందే, వెంట్రుక కంటే సన్నగా. శోషరస నాళాలంటారు. పేరు మరిచిపోయినా పర్వాలేదు మామ్మగారూ, పని మరిచిపోకండి. మిగిలిపోయిన నీటినీ, పని ముగిసిన కాపలావాళ్ళనీ ఏరుకుని వేళ్ళ నుంచి చంకదాకా పైకి మోసుకెళ్తాయి. రక్తాన్ని గుండె తోస్తుంది. వీటిని తోసే గుండె లేదు. కాస్త తమంతట తాము ముడుచుకుంటూ, కాస్త మన కండ కదిలినప్పుడల్లా ఒత్తిడికి, మెల్లిగా ఎక్కిస్తాయి."

"గాయమైతే అవీ తెగుతాయి కదా?" అన్నాను నేను. నా నోరు ఊరుకోదని మీకు తెలుసుగా.

"అదీ ప్రశ్న! తెగుతాయి. తెగితే ఆ కాపలావాళ్ళే కబురు పెడతారు, కొత్తవి మొలవమని. పక్కనున్న మంచి గొట్టాలు చిగుళ్ళు వేసి గాయం వైపు పాకుతాయి. అవి వచ్చి నీటిని లాగేస్తే వాపు దిగుతుంది, కాపలా ఇంటికి వెళ్తుంది, గాయం మూసుకుంటుంది. పని అయ్యాక అదనంగా మొలిచినవి చాలావరకు ఎండిపోతాయి. ఈవిడ గాయం ఇంత ఎర్రగా పూడుతోందంటే ఒళ్ళు తన పని తాను చేస్తోంది. ఆ చిగుళ్ళు దారి వేసుకుంటూ ఉంటే రోజూ పొద్దుగూకగానే మీరు పైనుంచి బిగించేస్తున్నారు."

"మరి అలా బిగిస్తే వేళ్ళు నల్లబడాలి కదండీ" అన్నాడు మా అబ్బాయి. అద్దాల వాడు కదా, అనుమానం అంచుదాకా చూస్తాడు.

"రక్తం తెచ్చే నాళాలకి బలం ఉంది, ఈ మాత్రం పట్టీని అవి లెక్కచేయవు. అందుకే వేళ్ళు నల్లబడలేదు, నాకూ అనుమానం రాలేదు. ఈ సన్నవాటికి మాత్రం ఈ పట్టీయే కొండ."

మా ఆయన నేల చూస్తూ మెల్లిగా అన్నాడు, "తూము."

"ఏంటండీ?"

"సాన దగ్గర తూము. రాయి మీద పైనుంచి నీళ్ళు బొట్టు బొట్టుగా పడుతుంటాయండి. అద్దం పొడి కలిసి పాలలా కిందికి కారతాయి. ఆ నీళ్ళు పోయే తూము మూసుకుంటే బురద పేరుకుని రాయీ పాడు, అంచూ పాడు. రోజూ సాయంత్రం నేనే పుల్లతో పొడుస్తాను. ఇంకొకళ్ళని ముట్టుకోనివ్వను, వాళ్ళకి చేతకాదని." ఆయన వజ్రం చేతి వైపు చూశాడు. "అలాంటివాణ్ణి, పిల్ల చేతికి తూము మూసేశాను."

డాక్టరమ్మ స్టూలు మీంచి లేచింది. ఆ పట్టీ దిండు మీంచి తీసి ఆయన చేతిలో పెట్టింది. "పెద్దాయనా, నెత్తురు చిమ్ముతున్నప్పుడు మీ అన్నయ్య కట్టింది మంచి పనే. అప్పుడు అది ప్రాణం. నెత్తురు ఆగి, గాయం మానడం మొదలెట్టాక అది అడ్డం. ఇది మీ దగ్గరే ఉంచుకోండి. ఆవిడ చేతికి మాత్రం వద్దు."

"చెయ్యి తెరుస్తారా?" అన్నాడు ఆయన.

"తెరవను. ఇవాళ తెరవను. ఈ గుర్తు పోయి కూడా వాపు దిగకపోతే అప్పుడు చూద్దాం. అంతదాకా రాదనే నా నమ్మకం."

నమ్మకం మాటల్లో చూపించి ఊరుకోలేదు ఆవిడ. వజ్రం చేతిని గుండెకంటే ఎత్తుగా ఉండేలా దిండ్ల మీద ఎత్తించింది. వేళ్ళు ముడవమంది, చాపమంది, అలా చేస్తూనే ఉండమంది. నాకు ఒక పని ఇచ్చింది. గాయాన్ని ముట్టకుండా, మోచేతి పైనుంచి చంక వైపు అరచేత్తో నిమరాలి. "పిల్లి వీపు నిమిరినంత మెత్తగా మామ్మగారూ. పిండి పిసికినట్టు కాదు." నాకు తెలిసేలా నర్సు నా చేతి మీద తన చెయ్యి వేసి ఒకసారి చూపించింది. డాక్టరమ్మ మిగతా రోగుల్ని చూసి వచ్చేలోగా మేం ఇది చేస్తూ ఉండాలట.

చేస్తున్నాం. మా అబ్బాయి బయటికి వెళ్ళి టీలు తెచ్చాడు, నర్సుకి రెండు బిస్కెట్లు ఎక్కువ పెట్టి ఇచ్చాడు, అదే క్షమాపణ. ఆవిడ బిస్కెట్టు టీలో ముంచుతూ, "కిటికీ బిగించడం వచ్చునని ఒప్పుకుంటాను బాబూ" అంది, అదే క్షమించడం.

వజ్రం వేళ్ళు ముడుస్తోంది. సగం ముడుచుకుని ఆగిపోతున్నాయి. "ఉత్త గాలిని పట్టుకోమంటే ఎలా అత్తయ్యా, పిడికిలి కుదరట్లేదు" అంది. అప్పటిదాకా మూల నిలబడ్డ మా ఆయన జేబులో చెయ్యి పెట్టి, తన కోత కలం తీశాడు. వాళ్ళ నాన్నది. పిడి అరిగి నున్నగా అయిపోయిన కలం. మా అబ్బాయి కూడా దాన్ని ఇంతవరకూ పట్టుకోలేదు. ఆయన దాని మొనకి తొడుగు పెట్టి, వజ్రం ఎడం చేతికి అందించాడు. "దీన్ని ఆ చేత్తో పట్టుకుని ముడువు" అన్నాడు. కాసేపాగి, "అమ్మా" అన్నాడు.

వజ్రం పట్టుకుంది. వేళ్ళు ఆ పిడి చుట్టూ ముందు రాలేదు. తర్వాత కాస్త వచ్చాయి. నేను నిమురుతూనే ఉన్నాను. టీలు చల్లారాయి. కిటికీలో ఎండ మంచం మీంచి నేల మీదికి దిగింది. డాక్టరమ్మ తిరిగి వచ్చి వజ్రం చేతిని వెలుగులోకి తిప్పి చూసింది. "మామ్మగారూ, ఇటు రండి. ఈ వేలి కణుపు చూడండి."

చూశాను. పొద్దున బూరెలా నున్నగా ఉబ్బిన వేలి మీద, కణుపు దగ్గర, సన్నటి ముడుత. దాని పక్కనే ఇంకోటి. వాపు కొంచెం దిగితేనే కనబడే ముడుతలు. ఈ లోకంలో ముడుతలు చూసి ఆనందంతో ఏడ్చిన ఆడదాన్ని నేనొక్కదాన్నేనేమో!

"దారి తెరుచుకుంటోంది" అంది డాక్టరమ్మ. "ఇంత త్వరగా పూర్తిగా తగ్గదు, ఓపిక పట్టాలి. కానీ ఈ చెయ్యి అద్దం కోస్తుంది."

మా అబ్బాయి గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. నా భుజాల మీంచి కొండ దిగింది. మా ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి, బీటపడిన అద్దాన్ని ఈసారి నిజంగానే జానతో కొలిచాడు. "రేపు దీనికి కొత్తది బిగిస్తాం. మా వజ్రం ఇప్పుడప్పుడే కోయలేదు గానీ, గీత ఎక్కడ పడాలో చెబుతుంది, మావాడు కోస్తాడు" అన్నాడు. మా వజ్రం! విన్నారా?

ఇక్కడితో లేచి పోవలసింది. పీడ విరగడైంది, ఇంటికెళ్ళి అన్నం వండుకోవలసింది. కానీ నర్సు కొత్త కట్టు కట్టబోతూ, గాయం అంచు తుడిచిన దూది మీద ఏదో తళుక్కుమంటే ఆగింది. చిన్న పట్టకారుతో తీసి పళ్ళెంలో వేసింది. టిక్కుమని చప్పుడు.

"మామ్మగారూ, ఇదిగో మీ కొట్టు సరుకు."

నూకగింజంత అద్దం ముక్క. "పైపైనే ఉండి వచ్చేసింది, భయం లేదు" అంది డాక్టరమ్మ. "ఒంటికి పనికిరానిదాన్ని ఒక్కోసారి ఒళ్ళే బయటికి తోసుకుంటుంది. దాచుకోండి, గుర్తుగా."

మా ఆయన ఆ ముక్కని గోటి మీదికి తీసుకుని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏమయ్యా?" అన్నాను.

"ఊదారంగు" అన్నాడు.

నేనూ చూశాను. నిజమే. ఊదా. మా కొట్లో రంగు అద్దం లేదు. ఉండదు. రంగుల పిచ్చి మా బావగారిది, ఈయనకి గిట్టదు. విడిపోయాక బావగారు తన ఇంటి వీధి తలుపుకి ఊదారంగు అద్దాలు బిగించుకున్నాడని విన్నాం గానీ ఆ గడప తొక్కింది లేదు. ఆయన వీధిలోకే మేం వెళ్ళం.

మా కొట్లో పలక దింపుతూ తెగిన చేతిలోకి ఆ తలుపు అద్దం ఎలా వచ్చింది?

ముగ్గురం వజ్రం వైపు తిరిగాం. ఆ పిల్ల కలాన్ని గుండెకి ఆనించుకుని కూర్చుంది. దొరికిపోయినదానిలా లేదు. బరువు దించుకున్నదానిలా ఉంది. "మావయ్యా, నాకు తెగింది మన కొట్లో కాదు" అంది. "తలుపు తెరవండి. వస్తానన్నారు, బయటే ఉంటారు. నేను చెప్పడం కంటే..." అని తలుపు వైపు చూసింది.

మా అబ్బాయి వెళ్ళి వరండా తలుపు తెరిచాడు.

పొద్దుట మేం కూర్చున్న బల్ల మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. మా ఆయన ముక్కే, మా ఆయన చెవులే, జుట్టు మాత్రం పూర్తిగా పండింది. ఎప్పుడొచ్చాడో, ఎంతసేపటినుంచి ఉన్నాడో. చొక్కా చేతులు భుజాల దాకా మడిచి ఉన్నాయి. ఎడమ దండకి నల్లటి రబ్బరు పట్టీ. ఆ సైకిల్ ట్యూబులో మిగిలిన ముక్క.

ఆయన లేచి నిలబడ్డాడు. లేవడానికి బల్ల పట్టుకోవలసి వచ్చింది.

"పిల్ల చెయ్యి ఎలా ఉందిరా?" అని అడిగాడు.

అమ్మలూ, అయ్యలూ, నాకు గొంతు తడారిపోయింది, కాసిని మంచినీళ్ళు తాగనివ్వండి. ఈలోగా నాకో మాట ఇవ్వండి. ఇది మనసులో పెట్టుకుని మీవాళ్ళకి చెప్పండి. నెత్తురు చిమ్మితే పైన బిగించి ఆస్పత్రికి పరుగెత్తమనండి, అక్కడ విప్పడం వాళ్ళు చూసుకుంటారు. మానుతున్న గాయానికి పైన మాత్రం ఏదీ బిగించొద్దనండి, ఆ నీళ్ళకి దారి ఉంచమనండి. ఆ పట్టీ కట్టినవాడు ప్రేమతోనే కట్టాడని కూడా చెప్పండి, అది వదిలేస్తే మా ఆయన్ని జనం తిట్టిపోస్తారు. చెబుతూ చెబుతూ వరండా దగ్గరికి వస్తే మీ సొంతం ఏమీ కలపకండి. అన్న అడిగాడు. తమ్ముడు గుప్పిట్లో పట్టీ, గోటి మీద ఊదారంగు ముక్క పెట్టుకుని గుమ్మం దాటాడు. దాటి, నోరు తెరిచాడు. అంతవరకూ ఉన్నదున్నట్టు చెప్పండి, ఏమన్నాడో, వజ్రం ఆ తలుపు దగ్గరికి ఎందుకు వెళ్ళిందో వచ్చే వారం నేనే చెబుతాను.